రిమార్క్సు గడి

సెక్షనాఫీసు పడగొడతారట.
పాత రిజిస్టర్లు తూకానికి వేసేముందు
ఓసారి చూసుకోండమ్మా అన్నాడు ఏఈ.
లొల్ల లాకుల పక్కన, తుప్పు బీరువాలో,
ఎలక కొట్టిన అంచులతో
మా తాత నలభై రెండు కట్టలుగా ఉన్నాడు.

మట్టా జీవరత్నం, లస్కరు.
ఆ లస్కరన్న మాట తెలుగూ కాదు, ఇంగ్లీషూ కాదంటారు.
ఏ ఓడల మీద ఎన్ని నోళ్ళు మారిందో,
చివరికి ఖాకీ నిక్కరు తొడుక్కుని
మా కాలవ గట్టు మీద నిలబడింది.

పొద్దున్న ఆరింటికీ, సాయంత్రం ఆరింటికీ
గేజి రాయి మీద నీళ్ళెంతవరకొచ్చాయో రాసేవాడు,
గుడిలో కీర్తనల నంబర్లు చూసి నేర్చుకున్న అంకెలతో.
చివరి గడి రిమార్క్సు.
అందులో రోజూ ఒకటే మాట, నిల్.
మూడే మూడు ఇంగ్లీషు అక్షరాలు:
అడ్డకర్ర వేసిన లాకు తలుపులాంటిదొకటి,
చుక్క పెట్టిన పుల్ల,
చుక్క లేని పుల్ల.

ఇంగ్లీషు మా ఊరికి పడవలో వచ్చింది,
సున్నపు బస్తాల మధ్య, లెవెలు గొట్టాలతో.
స్లూయిజంటే తూమని మాకు తెలిసేలోగా
తూము తన పేరు మర్చిపోయింది.
ఉత్తచేతుల్తో పోయిందా అంటే, లేదు.
మాదో అరవవాళ్ళదో, ఆనకట్టని
నోరు తిరక్క అనికట్ చేసుకుంది.
మా పొలంగట్ల పందికొక్కుని పట్టుకుపోయి
బాండికూటని పేరు పెట్టి నిఘంటువులో వదిలింది.
అక్కడా ఏదో గాదె తవ్వుతూనే ఉండుంటుంది.

ఊళ్ళో తెలుగుకి మా తాతని పిలవడానికి
ఒరే ఉంది, ఏరా ఉంది, కులం పేరుంది.
గారు మాత్రం కాలవకి అవతలి గట్టున ఉండేది.
ఒకసారి ఎవరో ఉత్తరాది సబ్ కలెక్టరు
ఇన్‌స్పెక్షనుకొచ్చి
కరణంగారినీ, తాతనీ
మాట మార్చకుండా యూ అన్నాడట.
కరణంగారి మొహం మాడింది.
తాత ఆ రాత్రి అన్నం ముట్టకుండా
యూ, యూ అనుకుంటూ కూచుంటే
మామ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది.

అలాగని అదేం అమ్మవారు కాదు.
యాభై మూడు వరదలో గేటు ఆలస్యంగా ఎత్తాడని
మెమో వచ్చింది, ఇంగ్లీషులో.
చదివిపెట్టడానికి కాంపౌండరు కోడిపెట్ట అడిగాడు.
ఇస్తే సగం చదివి,
మిగతా సగానికి గుడ్లడిగాడు.
మా అమ్మని నర్సాపురం మిషను హాస్టల్లో వేసింది
ఆ కోడిపెట్టే.

నేనిప్పుడు అమలాపురం కలెక్టరేట్లో
పెద్దపెద్దవాళ్ళ డ్రాఫ్టులు దిద్దుతాను.
ఒక్కో పేరాలో మూడేసి కైండ్లీలు ఏరి పారేస్తాను.
కరణంగారి మునిమనవడు నన్ను మేడమంటాడు.
ఇంటికెళితే నాలుగేళ్ళ మనవరాలు
వేలు చూపించి యూ అంటుంది.
తాత అన్నం మానేసిన మాట అది.
నాకేమో నువ్వు కావాలనిపిస్తుంది,
ఏయ్ మామ్మా, నువ్వు, అని
చీర కుచ్చెళ్ళు పట్టుకు లాగే నువ్వు.
ఎవరికి చెప్పుకోను?

వరద పేజీ దొరికింది.
గేజి రాయే మునిగిపోయింది కాబట్టి
అంకెల గడి ఖాళీ.
రిమార్క్సులో మాత్రం అదే మాట,
వానకి చెదిరి, మామూలుకంటే పెద్దగా.
ఇదేం రాత నాన్నా, ఊరంతా మునుగుతుంటే
ఏమీ లేదని రాశావు, అని
హాస్టలు నుంచి సెలవులకొచ్చిన అమ్మ నవ్విందట.
తాతకి కోపమొచ్చిందట.
ఏమీ లేదని కాదే,
గట్టుకి చెప్పాను.
నిలు.

నలభై ఒక్క కట్టలు ఆటో ఎక్కాయి.
ఒకటి నా ఒళ్ళో ఉంది.
ఏఈ రసీదు తెచ్చి,
మేడమ్, ఇక్కడ సంతకం, ఇక్కడ రిమార్క్సు అన్నాడు.
పెన్ను మూత తీసి,
ఏ అక్షరాల్లో రాయాలో తేలక,
కాసేపు కాలవ చూస్తూ కూచున్నాను.