ఐదు శ్రుతికి వెంట్రుకంత పైన

ఎండకాలమంతా ఈ బిల్డింగు నాతోనే మాట్లాడుతది.
పదహారు ఫ్లాట్లు, ముప్పై ఒక్క ఏసీ.
ఏది దగ్గుతున్నదో, దేనికి గ్యాస్ తక్కువైందో
మెట్లు ఎక్కుతుంటేనే చెప్తా.
ఈ గుదైబియా గల్లీల నన్ను పేరుతోటి పిలిచెటోళ్లు లేరు,
"ఏసీ వచ్చిండు" అంటరు.

నవంబరు సగం దాటినంక
ఒక్కొక్కటే నోరు మూసుకుంటయి.
సుహైల్ చుక్క పొడిచింది, ఇగ వేడి తగ్గుతదని
మా ముసలి షేట్ అబూ రాషిద్ ఆగస్టు ఆఖరునుంచే చెప్తున్నడు గాని
చెమటకు చుక్కలు తెల్వయి.
నాకు గుర్తు కొబ్బరినూనె.
ఒక పొద్దున సీసా వంచితే రాలే.
అడుగున తెల్లగ, వెన్నలెక్క, ముడుచుకొని పండుకున్నది.

గీజరు మళ్ల గీజరైంది.
ఎండకాలం దాన్ని ఆర్పేసి చల్లనీళ్ల కుండలెక్క వాడుకుంటిమి,
పైన ట్యాంకుల నీళ్లు పప్పు ఉడికేటట్టుండె.
ఇప్పుడు స్విచ్చి నొక్కి, ఎర్రలైటు చూసుకుంట
బకెట్ పక్కన వణుకుడే ఒక సుఖం.
గంగనర్సు పెట్టె అడుగునుంచి చెద్దరు తీసిండు,
కలరా ఉండల వాసన.
మొకానికి అద్దుకొని నవ్విండు, ఎందుకో చెప్పలే.
షఫీకుల్ చాయ్‌ల అల్లం పెంచిండు,
పైసలు పెంచలే.

జుమ్మానాడు పగటియాళ్ల
పద్నాలుగో నంబరు రూముల పాటలు.
రాజోలు బర్నబాసుది హార్మోని, రెండు మెట్లు పలకవు,
అవి వచ్చినకాడ దగ్గుతడు.
దీవెనమ్మ అరబ్బుల ఇంట్ల వంటజేస్తది.
వారానికి నాలుగు గంటల సెలవు,
అండ్ల గంటన్నర బస్సుకే పోతది.
మిగిలిందాంట్లనే గొంతు సవరించుకోవాలె.
రాయచోటి జుబేదా సమోసాల కోసమే వస్తనంటది,
తాళం మాత్రం తప్పనియ్యది.
నాకు వాళ్ల దేవుడు కొత్త, డోలకు పాత.
ఊర్ల భజనకు కొట్టిన చెయ్యే.
ఏ దేవునికైనా ఎనిమిది మాత్రలే గదా.

ఆ జుమ్మా కిటికి తెరిచినం.
సముద్రం వాసన వచ్చింది, ఎన్కనే ఎవరిదో బిర్యాని వాసన.
బర్నబాసు కాగితం చుక్క కట్టిండు, బల్బు పెట్టిండు.
ఏసీ బంద్ చేసిన, నేనే.
పాట ఎత్తుకున్నరు.
మూడో చరణానికి
తడి మెట్టుమీద కాలు పడ్డట్టు జారింది.
బర్నబాసు హార్మోనిని తిట్టిండు.
దీవెనమ్మ తన గొంతునే తిట్టుకొని మిరియాలు నమిలింది.
మళ్ల ఎత్తుకున్నరు, మళ్ల అక్కడ్నే.
"అయ్యో, పండగ మూడు వారాలే ఉందండీ" అన్నది,
నేనేదో ఆ తారీకును రిపేరు జేసెటోన్నయినట్టు.

అర్ధగంట పట్టింది నాకు సమజయ్యేటందుకు.
ఎండకాలమంతా వీళ్లకు శ్రుతి పట్టింది
ఆ తుప్పు ఏసీ.
ఐదు శ్రుతికి వెంట్రుకంత పైన,
ఊపిరి తియ్యకుంట, అలసిపోకుంట, ఎవ్వలు మెచ్చకున్నా.

లేచి స్విచ్చి వేసిన.
కూలింగు వద్దు, ఉత్త ఫ్యాను చాలు.
మ్‌మ్‌మ్‌ అని గోడ అందుకున్నది.
దీవెనమ్మ కండ్లు మూసింది.
ఆమె గొంతు ఆ గోడకు ఆనుకొని కూసున్నది,
పనంత అయినంక మనిషి కూసున్నట్టు.

డిసెంబరు రెండో వారం
పై ఫ్లాటోళ్లు కంప్లైంటు పెట్టిండ్రు.
కాగితం తిరిగి తిరిగి నా చేతికే వచ్చింది:
రూము పద్నాలుగు. ఏసీ చప్పుడు. వెంటనే చూడాలె.

సంచి పట్టుకొని పోయిన. మూత విప్పిన.
మోటరు కింద రబ్బరు అరిగింది, నిజమే.
కొత్తది నా జేబులనే ఉన్నది.
పది నిమిషాల పని.
వంటకాడ నిలబడి జుబేదా నన్నే చూస్తున్నది,
చేతుల గంటె ఆగింది.

మూత మళ్ల బిగించిన.
కాగితం మీద రాసిన:
చూసిన. మంచిగున్నది.
ఏమన్న ఉంటే జనవరిల.