పొర విప్పే చెయ్యి

సైదాపురం దాటాక, మూతబడిన అభ్రకం గని పక్కన
రేకుల షెడ్డు మాది.
ఎండొస్తే అక్కడ గోడవార దుమ్ము కూడా మెరుస్తుంది.

చెంగమ్మ ఇరవై రెండేళ్ళు ఆ గనిలో పొరలు చీల్చింది.
చేతిలో పొట్టి కత్తి, ఒళ్ళో రాయి,
ఊపిరి తగిలితే లేచిపోయేంత పల్చగా.
బొటనవేలి గీతలన్నీ అరిగిపోయి
రేషన్ షాపు మిషను ఇప్పటికీ ఆమెను గుర్తుపట్టదు.

మేం నిమ్మ అంట్లకు సంచులు చేస్తాం.
కర్రపెండలం పిండి, గ్లిజరిన్, నీళ్ళు.
మొక్కతో సహా గుంతలో పెట్టేస్తే
మట్టిలో మట్టయిపోవాలని.

మొదటి సంచి అందాకా ఆగలేదు.
రెండో తడికే చీరుకుపోయి
నిమ్మ అంటు నా చెప్పుల మీద కూర్చుంది.

బలం కోసమని వర్మిక్యులైటు పొడి కలిపాను,
పాత గుట్టల్లో ఊరికే పడుందిలెమ్మని దోసిళ్ళతో.
నిప్పు తగిలితే పురుగులా మెలికలు తిరిగి లేచే రాయి అది.
సంచి అప్పడమైంది. మడిస్తే పుటుక్కుమంది.
చదువుకున్నవాణ్ణి గదా, పాళ్ళు మార్చాను, వేడి మార్చాను.
నాలుగు నెలలు. బ్యాంకు వడ్డీ మాత్రం మారలేదు.

చెంగమ్మ ఒక విరిగిన ముక్కను వెలుతురుకు పట్టింది.
"ఏందబ్బా ఇది, కట్టలు కట్టలుగానే ఉండాయి.
పొర విప్పకుండా పోస్తే రాయి రాయే గదా.
పిండి యాడ దూరాల?"

ఉప్పునీళ్ళలో నానేసింది వారం రోజులు.
వంచింది, కడిగింది, రాత్రంతా గిలక్కొట్టింది.
నూటికి నాలుగు పాళ్ళు చాలంది,
త్రాసు వంక చూడకుండా, చిటికెతోనే.

ఆ సంచి నీళ్ళు పట్టుకుని నిలబడింది.
లోపల ఏం జరిగిందో నేను చెప్పగలను:
పొరకూ పొరకూ మధ్య గంజి దూరింది,
చీలిక సాగబోయిన చోటల్లా అడ్డంగా ఒక రేకు.
చెబితే ఆమె నవ్వింది, దగ్గు మధ్యలో.
"ఇన్నేళ్ళూ ఇడదియ్యడమే నేర్చుకున్నా.
ఇడిపోయి గట్టిపడేది గూడా ఉంటదా?"

పొదలకూరు మస్తానయ్య రెండొందల సంచులు తీసుకున్నాడు,
నల్ల కవరు కంటే అర్ధరూపాయి ఎక్కువని సణుగుతూనే.

కార్తీకం వానలు వెళ్ళాక పోయి ఒక పాదు తవ్వాం.
సంచి లేదు.
వెతికాం. నిజంగానే లేదు.
వేరుపోగుకు అంటుకుని ఒకే ఒక్క తళుకు.
చెంగమ్మ దాన్ని వేలికొనతో తీసి
ఎండకు అటూ ఇటూ తిప్పి,
"ఇది సరిగ్గా ఇడలేదు" అని గొణిగి
మళ్ళీ వేరు దగ్గరే పెట్టి మట్టి కప్పింది.

మస్తానయ్య సగం బాకీ ఇంకా ఇవ్వాలి.