పద్నాలుగో ప్రశ్న

పీణ్యాలో గార్మెంట్ ఫ్యాక్టరీ గేటు,
టీ బంకు నీడ. నా మొదటి సర్వే.
పద్నాలుగో ప్రశ్న: రోజులో మీకు ఖాళీ సమయం ఎంత?
చౌడమ్మ వేళ్ల మీద లెక్కేసింది.
"బాత్రూమ్ టోకెన్ కోసం నిలబడతాం కదా మేడమ్,
అదేనేమో."

పదకొండు నిమిషాలని రాసుకున్నాను.

టిఫిన్ డబ్బా మూస్తూ తనూ ఒకటడిగింది:
"జీపులో మీతో వచ్చిన ఆ సారుకెంతిస్తారు?
మీకెంత?"
నవ్వేశాను.
ఫారంలో అందుకు గడి లేదు.

ఆ పదకొండు నిమిషాలే నాకు డాక్టరేటు,
ఢిల్లీ కమిటీలో కుర్చీ,
జీతాల తేడా మీద లావుపాటి పుస్తకం.
నలభయ్యో పేజీ గ్రాఫులో చౌడమ్మ ఒక చుక్క,
గీతకి కాస్త కింద.

నిన్న పెన్షన్ కాగితాల కవర్లో
పొరపాటున వచ్చింది శ్రీకంఠయ్య గారి చిట్టా కూడా.
ఒకే ఏడు చేరాం. ఒకే గది, ఒకే ఫ్యాను.
ఆ జీపు కూడా ఒకటే.
రెండు ఇంక్రిమెంట్లు తేడా,
ముప్పయ్యొక్క ఏళ్లుగా.

కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను.
లెక్కలు వచ్చు కదా, వడ్డీతో సహా వేశాను.
బయట ఆటోవాడు హారన్ కొడుతూనే ఉన్నాడు.

నీకు జవాబు చెప్పాలి చౌడమ్మా.
ఆ పేరు పుస్తకం కోసం నేను పెట్టింది.
అసలు పేరు
ఎంతకీ గుర్తు రావడం లేదు.