నలభై పసుపు రుమాళ్ళు

కోటవీధిలో మా కొట్టు. అట్ట కిరీటాలు,
జనపనార గడ్డాలు అద్దెకిస్తాం.
ఆ మే నెలలో సినిమావాళ్ళొచ్చి
నలభై రుమాళ్ళు కావాలన్నారు. పసుపువి.
మూలకో రూపాయి బిళ్ళ ముడెయ్యాలి.
ఎందుకండీ అన్నాను.
"థగ్గులకి. పీక బిగించడానికి."

పూర్ణా మార్కెట్లో తాను బేరమాడి
అంచులు నేనే కుట్టాను.
ఆరేసినవి చూసి మా ఆవిడ
ఎవరింట్లో వ్రతం అనడిగింది.

ఎర్రమట్టి దిబ్బల్ని నర్మదా లోయ అన్నారు.
వేట నిషేధం రోజులు,
పెద జాలరిపేట పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి,
మనుషులు లారీలో వచ్చారు.
మేకప్పతను ఒక్కొక్క మొహమే చూసి
నూనెలో బొగ్గుపొడి కలిపి పూశాడు.
ఉన్న నలుపు చాలదట.
కాస్త చాయగా ఉన్న ఇద్దర్ని
చచ్చిపోయే వర్తకుల్లో వేశాడు.
మెళ్ళోకి పుర్రెలు మా కొట్టువే,
పోయినేడు కాపాలికుడికిచ్చినవి.

నేనెక్కడో చదివాను, థగ్గంటే
మంచి మాటకారి,
దారిలో కలిసి, మన పక్కనే కూచుని తిని,
పిల్లలకి బెల్లంముక్క పెట్టేవాడని.
డైరెక్టరుతో అన్నాను.
"అలాంటోణ్ణి చూసి ఎవడు భయపడతాడు పెద్దాయనా"
నా భుజమ్మీద చెయ్యేసి ఎంతో మర్యాదగా అన్నాడు.
అద్దె బయానా అప్పటికింకా రాలేదు.

"లక్షలమందిని చంపారు సార్ వీళ్ళు."
ఎవరు లెక్కపెట్టారు?
"దొర."
దొరకి ఎవరు చెప్పారు?
దొరికినవాడు.
పక్కవాణ్ణి చూపిస్తే ఉరి తప్పుతుందని
తెలిసినవాడు.
బావుల్లో ఎముకలు నిజమే, కాదనను.
వాటికి మాత్రం ఎవరూ డైలాగులు రాయలేదు.

సైగ మాట "పొగాకు తే".
నాయకుడు ఆ మాట గర్జించగానే
చూడ్డానికొచ్చి గట్టుమీద కూచున్న మసేను తల్లి
నోట్లో అడ్డపొగ తీసి
"ఇదిగో నాయనా, సగం కాలింది" అంది.
కట్.
రెండోసారి మసేను వేసిన ముడి
గుంజినా విప్పినా రాలేదు.
"థగ్గులు ఇలా ముడెయ్యరు" అన్నాడు ఫైటు మాస్టరు.
"వల ముడి బాబూ, నాకొచ్చింది ఇదొక్కటే."
పీక అందించినవాడు వాడి బావమరిది ఎల్లాజీ.
పొద్దుగూకేలోగా తొమ్మిదిసార్లు చచ్చాడు.
చావుకింత అని కాదు,
రోజుకింత అని కూలి.
మధ్యలో లేచి వెళ్ళి మజ్జిగ తాగొచ్చి
మళ్ళీ అదే చోట పడుకునేవాడు.

బొమ్మ విడుదలైన రోజు
పేటంతా జగదాంబ దగ్గరికి దిగింది.
చీకటి, మంట, డప్పులు, నల్లటి నూనె.
ఎవడు ఎవడో ఎవరికీ తెలియలేదు.
"మావోడేడి?" అని మసేను తల్లి
సినిమా అంతా అడుగుతూనే ఉంది.
వెనక సీట్లో కుర్రాడు స్నేహితుడితో అన్నాడు:
"మొహాలు చూడరా, పుట్టుకతోనే దొంగలు."
మసేను తల దించుకోలేదు.
పక్కకి తిరిగి, వాడికేసి,
నీటి రంగు చూసే చూపుతో
కాసేపు చూశాడు.

రుమాళ్ళు తిరిగొచ్చాయి. ముప్పైతొమ్మిది.
నలభయ్యోది నేనెరుగుదును.
తెల్లారగట్ల చేపలరేవునుంచి
మసేను పెళ్ళాం నడిచొస్తుంటే
గంపకింద చుట్టకుదురై ఉంటుంది,
వంజరాల నీళ్ళు కారి
పసుపు సగం పోయింది. బిళ్ళ లేదు.

పద్దులో రాశాను:
"ఒకటి సముద్రంలో పోయింది."
సిరా ఆరేదాకా ఊదుకున్నాను.
నా దస్తూరీ బాగుంటుంది,
ఎవరు చదివినా
నమ్ముతారు.