తిరగరాత

చిత్తూరు కలెక్టరాఫీసు గోడవార
చిల్లుల గొడుగు కింద ముప్పై ఏండ్లుగా
అక్షరాలు తిరగేసి చెక్కతా ఉండా.
తలకట్టు తోక ఎడమకు లేవాల,
కొమ్ములు కూడా దారి మార్చుకోవాల.
కాగితం మీద పడినాక గానీ
సర్కారు సర్కారు మాదిరి కనపడదు.

తాసిల్దారు, పశువుల డాక్టరు, సబ్ రిజిస్ట్రారు
అందరూ నా బ్లేడు కింద పడుకున్నోళ్ళే.
బెత్తెడు రబ్బరు, ఒక కర్రపిడి.

జిల్లాను చీల్చిన ఏడు
రాత్రంతా బల్బు కింద కూర్చోని
శ్రీకాళహస్తిని, పుత్తూరును
తిరుపతి జిల్లాలో కలిపింది నేనే.
పాత సీళ్ళు గోనెసంచిలో పోసి పోయినారు.
కాలిస్తే వచ్చిన కంపు
అన్ని శాఖలదీ ఒకటే.

ఒక సోమవారం, అర్జీల వరస పలచబడినాక
దేశమ్మ వొచ్చింది.
తుమ్మలచేను సర్పంచి.
ఆ మాట అడిగితే గానీ చెప్పలేదు,
చెప్పినప్పుడు కూడా పక్కకు చూసి చెప్పింది.

"సీలు కావాలబ్బా."
ఉండేది ఏమాయె?
"పెద్దాయన జోబీలో ఉండాది.
రెండేండ్లుగా ఆడనే.
కాగితాలు నా ఇంటికొస్తాయి,
ఏలు పెట్టమంటారు, పెడతా.
సీలు మాత్రం ఆయనే కొడతాడు,
నోటి ఆవిరి ఊది మరీ కొడతాడు."

నేను రూలు చెప్పినా.
సర్కారు సీలు చెక్కాలంటే
అధికారి రాసిచ్చిన కాగితం కావాల.
లేకపోతే నన్ను లోపలేస్తారు తల్లీ.

ఆమె చానాసేపు గొడుగు కమ్మీలు లెక్కబెట్టింది.
కొంగుముడి విప్పి
నాలుగు మడతల పత్రం తీసింది.
గెలిచిన దినం ఇచ్చింది,
మడతల కాడ చిల్లులు పడిండాది.
"దీంట్లో నా పేరుందా?"
ఉంది.
"పెద్దాయన పేరుందా?"
వెతికినా. వెనకపక్క కూడా తిప్పి చూసినా.
లేదు.
"మరి ఆ రాసిచ్చే అధికారి ఎవురబ్బా?"

ముప్పై ఏండ్లలో నన్నెవురూ ఈ మాట అడగలేదు.
నేను చెక్కిన ప్రతి పదవికీ
పైన ఇంకో పదవి ఉండేది,
మిద్దె మీద మిద్దె మాదిరి.
అన్నిటికీ పైన ఎవురుండారో అని
మెడ నొప్పెత్తేదాకా పైకే చూసినా.
ఈమె చూస్తే
గాజుల కింద బస్సు టికెట్టు దోపుకోని
నా పీట ముందర నిలబడుకోనుండాది.

తెల్లకాగితం మీద నేను రాసినా.
ఆమె ఏలు పెట్టలేదు,
సంతకం పెట్టింది.
ఐదు నెలలు మనవరాలి పలక మీద
ఎవురికీ తెలీకుండా దిద్దుకున్నదంట.
'దే' కాడ ఒక ఊపిరి,
మకారం ఒత్తు కాడ ఇంకోటి.

ఆ మధ్యాన్నం సద్దిమూట విప్పలేదు.
బ్లేడు కొస మార్చి
ఆమెను తిరగేసి చెక్కినా.

మొదటి అచ్చు
తోతాపురి ధరలు పడిన పాత పేపరు మీద.
మెల్లగా అద్దింది, సగమే పడింది.
గట్టిగా వొత్తమ్మా, రబ్బరుకేం నొప్పుండదు, అన్నా.
రెండోది పేపరు దాటి
నా పీటకు కూడా అంటింది.
నూటిరవైకి నూరిచ్చి
"ఇరవై పంచాయితీ బాకీ" అని నగింది.

పది దినాలకు
పెద్దాయన కారు నా గొడుగుకు అడ్డంగా ఆగింది.
జోబీలోంచి పాత సీలు తీసినాడు.
"బ్యాంకోళ్ళు తీసుకోలేదు, ఏమైందో చూడు."
తిప్పి చూసినా. నా చేతి పనే.
రబ్బరు చెక్కుచెదరలేదు.

"ఇది చెల్లదు సామీ. మార్చేసినారు."
"ఎవురు?"

పక్కకు చూడబోయి, ఆపుకున్నా.
"సర్పంచి."