ఖాళీ డ్రమ్ము

ఆరేండ్ల సంది మా వాగుకు నీళ్లంటే తెల్వది.
ఇసుక తోడుకపోయిన ట్రాక్టర్ల గీరల అచ్చులే
దాని ఒంటి మీది అలలు.

నడిజాము.
మా చందంపేట దిక్కు చినుకు లేదు.
ఎక్కడో అమ్రాబాద్ గుట్టల మీద పడ్డదంట,
మాకు చెప్పకుంటనే బయలెల్లింది.

మొదాలు మట్టివాసన, ఎనుక సప్పుడు,
దూరంగ బోరుబండి దించుతున్నట్టు.
ఈదమ్మత్త లేసి కూసొని
"ట్యాంకరొచ్చిందే పిల్లా, బిందెలు తియ్" అన్నది.

తీసేలోపట మోకాలు దాటింది.
కోళ్లగంప పోయింది. జొన్నల మూట పోయింది.
ఎండిన బోరు మీది అప్పు కాయితం కూడ,
అది పోతే పోనీ అనుకున్న.

అత్త కాళ్లు వంగయి,
ఫ్లోరిన్ నీళ్లు తాగి తాగి కట్టెలైనయి.
వరుసల పెట్టిన నీలం డ్రమ్ము తేలుకుంట వచ్చింది.
మొన్న మా వంతు రాకముందే ట్యాంకరు అయిపోయింది,
అందుకే ఖాళీ.
అందుకే తేలింది.
దాన్నే కావలించుకొని తుమ్మకొమ్మకు ఆనినం
తెల్లారేదాక.

పొద్దుగాలకు వాగు నడుమ మల్ల ఇసుక లేసింది.
రోడ్డు తెగింది, ట్యాంకరు రాదు.
ఒంటినిండ బురద, నాలిక పిడచ.
అత్త డ్రమ్మును బోర్లించి తట్టింది.
నాలుగు చుక్కలు, ఎర్రగ.
"ఇయ్యాల వంతు మనదే" అన్నది.