కొత్త పెట్టె

ఏడు రోడ్ల జంక్షన్‌లో కొట్టు కుర్రాడు తవిటేషు
నాలుగు కొమ్ముల రౌటర్ చూపించి
"ఇది పెట్టండి మేష్టారూ, ఇల్లంతా పరుగే" అన్నాడు.
నాలుగు వేల రెండొందలు.
ఆలోచించి చెప్తానని
చెరుకురసం తాగి వచ్చేశాను.

మా పాతదానికి రెండే కొమ్ములు, ఒకటి ఊగుతుంది.
తిత్లీ తుపాను రాత్రి కిందపడ్డ దగ్గర్నుంచి
రబ్బరుబ్యాండు మీద బతుకుతోంది.
హాల్లో గలగలా మాట్లాడుతుంది,
వంటింట్లో నత్తి,
పెరటి అరుగు మీద మూగ.

పరీక్ష పేపర్లు దిద్దడం ఆపి లెక్క వేశాను.
స్తంభం మీంచి వచ్చే తీగకే ఒక కొలత ఉంది.
నాగావళిలో నీళ్లు తక్కువైతే
బిందె మార్చి ఏం లాభం?
ఇక మిగిలింది మూరెడు మందం సున్నపు గోడ.
దానికి ఏ కంపెనీవాడూ అప్‌డేట్ పంపడు.

సుగుణ ఏమీ అనకుండా స్టూలెక్కి
పెట్టెని బీరువా వెనకనించి పీకి
గుమ్మం పైన, ఆవకాయ జాడీ పక్కన పెట్టింది.
వంటింటి నత్తి సగం పోయింది.
"బేగొస్తంది చూడు" అంది
నాలుగు వేలూ తనే గడించినట్టు.

అరుగు మీదికి మాత్రం ఇంకా రాదు.
అన్నాలయ్యాక హిమజ అక్కడే కూర్చుని
దిక్కుమాలిన సిగ్నలని ముందు ఓసారి తిట్టి
ఫోను బోర్లించి
కాలేజీ కబుర్లు మొదలెడుతుంది.
నేనూ తిడతాను, మర్యాదకి.

కొత్తదైతే అరుగు దాకా ఖాయమట.
తవిటేషు గ్యారంటీ.

రేపు స్కూలు నించి
పాలకొండ రోడ్డు చుట్టూ తిరిగి వస్తాను.